మిర్రర్‌లెస్‌కి మారండి, కానీ ఆ టెలిఫొటోని అప్పుడే అమ్మకండి

"సార్, డీఎస్ఎల్ఆర్ మౌంట్ పని అయిపోయిందట కదా, లెన్సులన్నీ అమ్మేస్తున్నా." వర్క్‌షాప్ పెట్టినప్పుడల్లా ఎవరో ఒకరు ఈ మాటతోనే వస్తారు. (డీఎస్ఎల్ఆర్ అంటే లోపల అద్దం ఉన్న పాత రకం కెమెరా, మిర్రర్‌లెస్‌లో ఆ అద్దం ఉండదు. మౌంట్ అంటే కెమెరాకి లెన్స్ తగిలించే చోటు.) వాళ్ల కంగారు చూస్తే జాలేస్తుంది. ఆ కంగారు పుట్టించే పుకార్లు వింటే ఒళ్లు మండుతుంది.

అపోహ: మిర్రర్‌లెస్ కొంటే పాత లెన్సులు పనికిరావు.

వాస్తవం: పనికొస్తాయి. అద్దం తీసేశాక మౌంటుకీ సెన్సర్‌కీ మధ్య దూరం తగ్గింది. కెనాన్ పాత మౌంట్ ఈఎఫ్‌లో 44 మి.మీ. ఉండేది, మిర్రర్‌లెస్ మౌంట్ ఆర్ఎఫ్‌లో 20 మి.మీ. అలాగే నికాన్ పాత ఎఫ్‌లో 46.5 మి.మీ., కొత్త జెడ్‌లో 16 మి.మీ. ఆ మిగిలిన ఖాళీలోనే అడాప్టర్, అంటే పాత లెన్స్‌ని కొత్త బాడీకి కలిపే రింగు, కూర్చుంటుంది. కంపెనీవాళ్ల మామూలు అడాప్టర్‌లో గాజు ఉండదు కాబట్టి షార్ప్‌నెస్ తగ్గే ప్రశ్నే లేదు. పైగా ఇప్పుడు ఫోకస్ చూసేది సెన్సరే. డీఎస్ఎల్ఆర్‌లో ఏళ్ల తరబడి వేధించిన ఫ్రంట్ ఫోకస్, బ్యాక్ ఫోకస్ గొడవ (గురి పెట్టినదానికి ముందో వెనకో ఫోకస్ పడటం) చాలావరకు తీరిపోతుంది. ఎఫ్/5.6 లెన్స్‌కి దూరాన్ని ఇంకా దగ్గరగా చూపించే 1.4 కన్వర్టర్ తగిలిస్తే వెలుగు తగ్గి ఎఫ్/8 అవుతుంది. ఎన్నో డీఎస్ఎల్ఆర్‌లు అక్కడ ఆటోఫోకస్ చెయ్యలేక చేతులెత్తేసేవి, మిర్రర్‌లెస్‌లు ఎత్తవు.

ల్యాండ్‌స్కేప్ వాళ్లకైతే ఇంకో లాభం కూడా ఉంది. ఫిల్టర్‌ని అడాప్టర్‌లోనే దూర్చే రకం ఒకటి కెనాన్ తెచ్చింది. ముందు గాజు ఉబ్బెత్తుగా ఉండి ఫిల్టర్ పట్టని ఈఎఫ్ 11-24 లాంటి లెన్సుకి కూడా దాంతో మెరుపు తగ్గించే పోలరైజర్, వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్లు వాడుకోవచ్చు.

చిక్కు ఉన్నచోటు కూడా చెప్పాలి. ఎఫ్ లెన్సుల్ని జెడ్ బాడీకి తగిలించే నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో ఫోకస్ మోటార్ లేదు. లోపలే మోటార్ ఉన్న ఏఎఫ్-ఎస్ లెన్సులు ఫోకస్ చేస్తాయి, స్క్రూ డ్రైవ్‌తో, అంటే కెమెరాలోని మోటార్‌తో నడిచే పాత ఏఎఫ్-డి లెన్సులు చెయ్యవు, చేత్తో తిప్పుకోవాలి. ఒక కంపెనీ లెన్స్‌ని ఇంకో కంపెనీ బాడీకి తగిలిస్తే ఎగిరే పక్షి మీద ఫోకస్‌ని నమ్ముకోలేం. కొండలకీ చెట్లకీ ఫర్వాలేదు.

ఇదెందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, ఒకతను మంచి 300 ఎఫ్/4 ప్రైమ్‌ని (జూమ్ లేని టెలిఫొటో లెన్స్‌ని) తొందరపడి అమ్మేసి, కొత్త బాడీతో పాటు వచ్చిన కిట్ జూమ్ పట్టుకుని కొంగల దగ్గరికి వచ్చాడు. కెమెరా కొంగ కంటిని వెతికి పట్టుకుంటూనే ఉంది, కానీ ఫ్రేములో కొంగ గోరంతే. అతని పక్కన కూర్చున్నామె పాత ఈఎఫ్ 100-400ని అడాప్టర్‌తో వాడుతూ ఒక్కో ఈక విడిగా కనపడేలా తీసింది. డబ్బు ఖర్చుపెట్టీ అతను ఆ రోజంతా దిగాలుగా ఉంటే నాకూ మనసు చివుక్కుమంది.

అపోహ: ఫుల్‌ఫ్రేమ్‌కి మారితే పక్షి ఫొటో దానంతటదే మెరుగవుతుంది.

వాస్తవం: మెగాపిక్సెల్ లెక్క చూసుకోండి. 24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సి (చిన్న సెన్సర్) నుంచి 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్‌కి (పెద్ద సెన్సర్‌కి) వెళ్లి, అదే లెన్స్‌తో తీసి అదే ఫ్రేముకి క్రాప్ చేస్తే చేతిలో మిగిలేవి 11 లోపే. 45 ఉన్న బాడీ అయితే 20 దాకా మిగులుతాయి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. స్టెబిలైజేషన్ మీ చెయ్యి వణుకుని ఆపుతుంది గానీ రెక్కల కదలికని ఆపదు, దానికి 1/2000 లాంటి షట్టరే కావాలి. సైలెంట్ షట్టర్‌లో సెన్సర్ నెమ్మదిగా చదివే బాడీలు రెక్కల్ని వంకరగా చూపిస్తాయి, అప్పుడు మెకానికల్‌కి మారండి. మధ్యాహ్నం వేడి గాలిలో దూరపు జింక మసకగా వచ్చిందంటే ఏ సిస్టమూ దాన్ని బాగుచెయ్యదు, దగ్గరికి వెళ్లాలి లేదా పొద్దున్నే రావాలి.

ఇప్పటికే అమ్మేసినవాళ్లు బెంగపడకండి. అందరూ భయపడి అమ్ముతున్నారు కాబట్టి అవే లెన్సులు సెకండ్‌హ్యాండ్‌లో తేలిగ్గా దొరుకుతున్నాయి. కొనేముందు మీ బాడీకే, అడాప్టర్‌తో సహా తగిలించి, కదిలే దేనిమీదైనా ఫోకస్ పెట్టి చూడండి. నికాన్ అయితే లెన్స్ మీద ఏఎఫ్-ఎస్ అని ఉందో లేదో చదవండి.