ఆగస్టు 16 కింద ఏం రాయాలి?

చిరంజీవులైన పిల్లలకు దీవెనలు.

బడిలో ‘చరిత్రలో ఈ రోజు’ బోర్డు మీరే రాస్తున్నారట, పంద్రాగస్టు మర్నాటికి ఏం రాయాలో తోచక ఖాళీగా వదిలేశారట. జెండా పండగ హడావుడిలో ఆ తారీఖును ఎవరూ పట్టించుకోరు. గోదావరి ఒడ్డున ఉన్నవాళ్లు మాత్రం దాన్ని వదలకూడదు.

1986 ఆగస్టు 16న ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. అదెంతో మీకు తెలిసిన కొలతతోనే చూడండి. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మూడో హెచ్చరిక వేళ సముద్రంలోకి వదిలే నీరు సుమారు 17 లక్షల క్యూసెక్కులు. ఆ రోజు వచ్చింది దానికి రెట్టింపు.

అలాగని ‘ఈ రోజు గోదావరికి వరద వచ్చింది’ అని రాయకండి. వరద ఒక్కరోజు పని కాదు. ఎగువన ఇంద్రావతి, శబరి నీళ్లు కలిసి రోజుల తరబడి ఎక్కుతుంది, రోజుల తరబడి తీస్తుంది. లంకలోకి నీళ్లొచ్చిన రోజు వేరు, ఏటిగట్టుకు గండి పడ్డ రోజు వేరు. అందుకే ఒకే ఊళ్లో ఇద్దరు పెద్దవాళ్లు రెండు తారీఖులు చెబితే ఇద్దరి మాటా నిజం కావచ్చు. 16 అనేది అత్యధిక మట్టం నమోదైన రోజు. కాబట్టి ఇలా రాయండి: ‘1986: ధవళేశ్వరం వద్ద గోదావరి వరద రికార్డు స్థాయికి చేరింది.’ ఏడాది, చోటు, జరిగిన పని మూడూ అందులో ఉన్నాయి.

ఇదే తారీఖు కింద ఇంకో గోదావరి సంగతి ఉంది, వెయ్యేళ్ల నాటిది. రాజమహేంద్రవరం ఏలిన రాజరాజనరేంద్రుడి పట్టాభిషేకం 1022 ఆగస్టు 16న జరిగింది. నన్నయగారు భారతం మొదలుపెట్టింది ఈయన కొలువులోనే. మరి అప్పుడు మనకు ఆగస్టు అన్న నెలే లేదు కదా, తారీఖు ఎలా తెలిసింది?

కపిలేశ్వరపురం దగ్గరి కోరుమిల్లి పేరుతో పిలిచే రాగిరేకుల శాసనం ఒకటుంది. అందులో ఈ పట్టాభిషేకం జరిగిన శక సంవత్సరాన్ని అంకెల్లో కాకుండా మాటల్లో చెప్పారు: వేద, అంబురాశి, నిధి. వేదాలు 4. అంబురాశి అంటే సముద్రం. సముద్రాలు ఏడు కదా అంటారేమో, ఇక్కడ నాలుగే లెక్క. నిధులు 9. వరసగా పేర్చేస్తే 449 వస్తుంది, కొత్తవాళ్లు బోల్తా పడేది అక్కడే. ఈ పద్ధతిలో మొదటి మాట ఒకట్ల స్థానానిది, కుడి నుంచి ఎడమకు వేసుకుంటూ పోవాలి. అప్పుడు 944 వస్తుంది. శక లెక్క ఇంగ్లీషు లెక్కకు 78 ఏళ్లు వెనక, కాబట్టి 78 కలిపితే 1022. జనవరి నుంచి ఉగాది లోపు జరిగిన సంగతైతే 79 కలపాలి.

శాసనంలో ఇంకా ఉంది: సూర్యుడు సింహరాశిలో, బహుళ విదియ, ఉత్తరాభాద్ర, గురువారం. ఆ విదియ ఏ తారీఖున పడిందో గణించి, వారంతో సరిచూస్తారు. 1022 ఆగస్టు 16 గురువారమే. వారం కుదరకపోతే పైన ఎక్కడో లెక్క తప్పిందన్నమాట.

ఇప్పుడు అసలు పేచీ. పట్టాభిషేకమూ పెద్ద వరదా ఒకే రోజు జరిగాయని రాసేయొచ్చా? తారీఖు ఒకటే, రోజు ఒకటి కాదు. 1582కు ముందు తారీఖులన్నీ పాత జూలియన్ క్యాలెండర్‌వి. ఆ ఏడాది పోప్ గ్రెగరీ అక్టోబరు 4 మర్నాడు 15 అయ్యేలా దిద్దించాడు. తేడా మీరే కట్టుకోవచ్చు. 1022లో మొదటి రెండంకెలు 10. దాన్ని 4తో భాగించి శేషం వదిలేస్తే 2. 10లోంచి ఆ 2, మరో 2 తీసేస్తే 6. అంటే ఇప్పటి లెక్కలో పట్టాభిషేకం ఆగస్టు 22న. చరిత్ర పుస్తకాలు 16 అనే వేస్తాయి కాబట్టి మీరూ 16 కిందే వేసి, పక్కన చిన్న అక్షరాల్లో ‘పాత క్యాలెండర్’ అనండి. ఇంగ్లండ్ 1752 దాకా పాతదాన్నే పట్టుకు వేలాడింది. షేక్‌స్పియర్, స్పెయిన్ రచయిత సెర్వాంటెజ్ ఒకే రోజు పోయారన్న మాట అందుకే నిలవదు. అప్పటికి రెండు క్యాలెండర్లకూ పది రోజుల తేడా ఉంది.

రామకృష్ణ పరమహంస 1886 ఆగస్టు 16నే పరమపదించారు, రాత్రి ఒంటిగంట వేళ. పంచాంగానికి రోజు సూర్యోదయంతో మారుతుంది, గడియారానికి అర్ధరాత్రితో. మీ నాయనమ్మ లెక్కలో అది ఆదివారం రాత్రి, బోర్డు లెక్కలో సోమవారం. 1946లో ఇదే తారీఖున కలకత్తా అల్లర్లు మొదలయ్యాయి. 2018లో వాజ్‌పేయి కన్నుమూశారు. ఈ రెంటికీ చెరో లైను చాలు.

దేశం మారినా తారీఖు మారుతుంది. చంద్రుడి మీద మనిషి కాలుపెట్టింది అమెరికా వాళ్లకు 1969 జులై 20 రాత్రి, మనకు 21 పొద్దున 8 గంటల 26 నిమిషాలు. అక్కడి తారీఖు వేస్తే ‘అమెరికా కాలమానం’ అని రాయాలి. వాళ్లు నెల ముందేస్తారు కూడా. 9/11 అంటే నవంబరు 9 అనుకుని రాసేరు, అది సెప్టెంబరు 11.

ఒక లావుపాటి నోటుబుక్కు తీసుకుని తారీఖుకో పేజీ కేటాయించండి. మొత్తం 366. ఫిబ్రవరి 29 మరిచిపోయి తర్వాత చీటీ అంటించడం మామూలే, ముందే వదలండి. ఒక సంగతి రెండు పుస్తకాల్లో ఒకేలా కనిపించాకే ఎక్కించండి. డిసెంబరు 15 పేజీ కాస్త పెద్దది వదలాలి: 1950లో పటేల్, 1952లో పొట్టి శ్రీరాములుగారు పోయిన రోజు, 1933లో మన బొమ్మల బాపుగారు పుట్టిన రోజు. వాటి మధ్య ఏదో సంబంధం అల్లేయాలని చేతులు దురద పెడతాయి. అది ఉత్త కాకతాళీయం.

మే 15 మన ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర పుట్టినరోజు, 1803. సెలవుల్లో పడుతుంది కాబట్టి బోర్డు ఎక్కే యోగం ఎప్పుడూ లేదు. జూన్‌లో బడి తెరిచిన మొదటి రోజు ‘సెలవుల్లో దాటిపోయినవి’ అని ఒక వరస వేసి, ఆయన్ని పైన పెట్టండి.

ఇట్లు,
మీ తాతయ్య,
ధవళేశ్వరం