ఖాళీ జాగా వదిలితే జనం వచ్చేస్తారా? మార్కెట్లు, కాంప్లెక్సులు గీసే ఆర్కిటెక్చర్ విద్యార్థుల అపోహలు

థీసిస్ రివ్యూల కాలం వచ్చిందంటే గోడల నిండా దాదాపు ఒకే బొమ్మ. మధ్యలో పెద్ద ప్లాజా, చుట్టూ షాపులు, నున్నటి ఫ్లోరింగ్, అక్కడక్కడా నిలబడిన మనుషులు. కింద "కమ్యూనిటీ స్పేస్" అని రాసి ఉంటుంది. సైటు ఖమ్మంలోనో ఒంగోలులోనో. కూరగాయల మార్కెట్టు, మున్సిపల్ షాపులు, పైన ఒక హాలు. ఏప్రిల్ నెల మధ్యాహ్నం ఆ ప్లాజాలో మనిషి పది నిమిషాలు కూడా నిలబడలేడు. ఈ మాట చెప్పగానే "మరి పబ్లిక్ కోసం జాగా వదిలాను కదా సార్" అంటారు. ఏటా వినిపించే ఈ జవాబే ఈ వ్యాసం రాయించింది.

అపోహ: ఖాళీ జాగా వదిలితే చాలు, జనమే వచ్చి నింపుతారు

దీని దగ్గరే ఎక్కువసేపు ఆగాలి. విద్యార్థికి మార్కులు పోయేదీ, రేపు కట్టాక ఊరికి డబ్బు పోయేదీ ఇక్కడే. నీడ, కూర్చునే చోటు, పక్కన ఏదో ఒక పని లేని ఖాళీ జాగా కొన్ని నెలల్లోనే బైకుల పార్కింగు అవుతుంది. తర్వాత దానికి గొలుసు కడతారు. ఆ తర్వాత అక్కడ ఇంకో షాపుల వరస లేస్తుంది.

ఇది మన దగ్గర మాత్రమే జరిగింది కాదు. 1961లో న్యూయార్క్ నగరం, భవనం ముందు ప్లాజా వదిలినవాళ్లకు అదనపు విస్తీర్ణం కట్టుకునే అవకాశం ఇచ్చింది. ప్లాజాలు చాలా వచ్చాయి. వాటిలో చాలాచోట్లకు మనుషులు రాలేదు. 1970లలో విలియం వైట్ అనే పట్టణ జీవన పరిశోధకుడి బృందం కెమెరాలు పెట్టి, ఎవరు ఎక్కడ ఎంతసేపు ఉంటున్నారో గమనించి తేల్చిన విషయం చాలా మామూలుది: కూర్చునే చోటు ఉన్న దగ్గరే జనం కూర్చుంటారు. 1975లో నగరం నిబంధన మార్చింది. ప్రతి 30 చదరపు అడుగుల ప్లాజాకు 1 అడుగు పొడవున సీటు ఉండాలంది. ఆ లెక్కన 600 చదరపు మీటర్ల ప్లాజాకు దాదాపు 65 మీటర్ల అరుగు కావాలి. మీ డ్రాయింగ్ షీటు మీద ఉన్న బెంచీల పొడవు కూడి చూడండి. చాలా షీట్లలో 10 మీటర్లు కూడా రాదు.

65 మీటర్లంటే భయపడకండి, అన్నీ బెంచీలే కానక్కర్లేదు. చెట్టు చుట్టూ గట్టు, వసారా అంచు, మెట్ల పక్క గోడ, అన్నీ లెక్కలోకి వస్తాయి, ఎత్తు 400 నుంచి 450 మి.మీ. మధ్య ఉంటే. 600 దాటితే పెద్దవాళ్లు ఎక్కలేరు, 300కు దిగితే లేవలేరు. వెడల్పు 450 అయితే కాళ్లు కిందికి పెట్టి కూర్చోవచ్చు. కానీ మనవాళ్లు కాసేపు కాగానే చెప్పులు విడిచి బాసింపట్టు వేస్తారు, పక్కన సంచీ పెడతారు. అందుకు 750 నుంచి 900 కావాలి. పాత ఇళ్ల వీధి అరుగు కొలిచి చూస్తే తెలుస్తుంది. కొన్ని సీట్లకైనా వీపు ఆనడానికి, చెయ్యి ఊని లేవడానికి ఆసరా ఉండాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆ ఆసరా లేని చోట అసలు కూర్చోరు. నల్ల గ్రానైటు ఎండలో పెడితే సాయంత్రం 6 దాకా కాలుతూనే ఉంటుంది. రాయి పెట్టాలంటే నీడలో పెట్టాలి.

ఇక నీడ. షాడో స్టడీ (నీడ ఎక్కడ పడుతుందో చూపే బొమ్మ) అంటే అందరూ జూన్ 21 మధ్యాహ్నం 12 గంటలకు తీస్తారు. మన అక్షాంశంలో, హైదరాబాదు 17.4 డిగ్రీలు అనుకుంటే, ఆ వేళ సూర్యుడు దాదాపు నెత్తి మీదే ఉంటాడు. చిన్న చజ్జా (గోడ నుంచి బయటికి వచ్చే స్లాబు) కూడా గోడనంతా కాపాడినట్టు కనిపిస్తుంది. అసలు బాధ ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం 4 గంటలది. 4 దాటిన కాసేపటికి సూర్యుడు పడమట సుమారు 30 డిగ్రీల ఎత్తుకు దిగుతాడు. 1 మీటరు చజ్జా పడమటి గోడ మీద వేసే నీడ 60 సెంటీమీటర్లు మాత్రమే. షాపు షట్టరు, లోపలి సరుకు, కౌంటరు దగ్గరి మనిషి అంతా ఎండలోనే. ఆ తర్వాత షాపువాళ్లు నీలం టార్పాలిన్లు కడతారు, "ఎలివేషన్ (భవనం ముఖరూపం) పాడుచేశారు" అని మనం బాధపడతాం. అది వాళ్ల తప్పు కాదు, చజ్జాను గీసినవాళ్ల తప్పు.

దీనికి రెండు దారులున్నాయి. కుదిరితే కూర్చునే జాగాను భవనానికి తూర్పున పెట్టండి. 6 మీటర్ల ఎత్తు భవనం ఆ వేళకు తూర్పు వైపు దాదాపు 10 మీటర్ల నీడ వేస్తుంది, ఖర్చు లేకుండా. రోడ్డు పడమట ఉండి తప్పకపోతే లోతైన వసారా వేయాలి, దాని చూరు కిందికి దిగాలి. 3 మీటర్ల లోతు వసారాకు అంచు 3 మీటర్ల ఎత్తున ఉంటే గోడ మీద కింది 1.2 మీటర్ల దాకా ఎండ వస్తుంది. అదే చూరు 2.2 మీటర్లకు దించితే కింది 40 సెం.మీ. మాత్రమే ఎండలో ఉంటుంది. పెంకుటిళ్ల చూరు తలకు తగిలేంత కిందికి ఎందుకు ఉండేదో ఈ లెక్కే చెబుతుంది.

చెట్టు విషయంలో జరిగే పొరపాటు సెల్లార్ దగ్గర మొదలవుతుంది. పార్కింగు లెక్క సరిపోవడం కోసం సైటంతా సెల్లార్ తవ్వి, దాని పైకప్పు మీద ప్లాజా పెట్టి, షీటు మీద పచ్చటి గుండ్రాలు గీస్తారు. కానుగో వేపో పెరగాలంటే కనీసం 1.2 మీటర్ల మట్టి కావాలి. తడి మట్టి ఘనపు మీటరుకు దాదాపు 1,800 కిలోలు. అంటే చదరపు మీటరుకు 2 టన్నుల పైన. జనం గుమిగూడే స్లాబుకు మామూలుగా లెక్కలోకి తీసుకునే లైవ్ లోడు (మనుషులు, సామాన్ల బరువు) చదరపు మీటరుకు 500 కిలోలు. స్ట్రక్చరల్ ఇంజినీరు ఆ బరువు చూడగానే చెట్లు తీసేసి కుండీలు పెట్టమంటాడు. కుండీలో మొక్క నీడనివ్వదు. ప్లాజా మళ్లీ పెనమే. కాబట్టి ముందుగా చెట్లు ఎక్కడో నిర్ణయించి, అక్కడ సెల్లార్ గీతను వెనక్కి జరపండి. చెట్టుకు అడుగున అసలు నేల ఉండాలి. పాదు కనీసం 1.2 × 1.2 మీటర్లు, చుట్టూ నీరు ఇంకే ఫ్లోరింగ్. సైటులో ఇప్పటికే ఉన్న పెద్ద చెట్టును కాపాడుకుంటే 20 ఏళ్ల నీడ మొదటి రోజే చేతికొచ్చినట్టు.

మూడోది, పని. మనిషి ఖాళీ జాగాకు రాడు, పని మీద వస్తాడు, వీలుంటే ఆగుతాడు. టీ కొట్టు, జిరాక్సు, పూలమ్మి, మందుల షాపు, బస్సు స్టాపు, వీటి పక్కన ఉన్న అరుగే నిండుతుంది. అహ్మదాబాదు మాణెక్ చౌక్‌లో పొద్దున కూరగాయలు, పగలు బంగారం వ్యాపారం, రాత్రి తిండి బండ్లు. జాగా ఒక్కటే, వేళకో పని. మీ ప్లాజాకు కూడా ఇలాంటి వేళల పట్టీ ఒకటి రాసుకోండి: ఉదయం 5 నుంచి 8 వరకు ఎవరు, 11కు ఎవరు, సాయంత్రం 7కు ఎవరు. ఏ గంటలోనైనా ఒక్క పనీ రాయలేకపోతే, ఆ గంటలో అది నిర్మానుష్యంగా ఉంటుంది. ఆడవాళ్లు ఆ వైపు నుంచి నడవడం మానేస్తారు.

అపోహ: తోపుడు బండ్లు లేకుండా చేస్తేనే డిజైన్ అందంగా ఉంటుంది

గేటు పెట్టి బండ్లను బయటికి తోస్తే అవి సరిగ్గా గేటు ముందే నిలబడతాయి, ఎందుకంటే కొనేవాళ్లు వచ్చే దారి అదే. 2014 వీధి వ్యాపారుల చట్టం వచ్చాక వాళ్లను లెక్కలోకి తీసుకోకుండా గీయడం చట్టరీత్యా కూడా కుదరదు. వీధి వ్యాపార వ్యవహారాలు చూసే పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు మహిళలు. డిజైన్‌లో చేయాల్సింది కొలత ప్రకారం చోటివ్వడం. బండి సుమారు 1.8 × 1.2 మీటర్లు. అమ్మే మనిషి నిలబడటానికి వెనక 0.9, కొనేవాళ్లకు ముందు 1.2. మొత్తం 3.3 మీటర్ల పట్టీ, నడిచేవాళ్ల దారి కాకుండా. ఈ పట్టీ ప్రవేశం పక్కనే ఉండాలి, వెనక మూలలో కాదు. నాలుగైదు బండ్లకో కుళాయి, దీపానికో ప్లగ్ పాయింటు, చెత్త డబ్బా ఇస్తే చాలు.

మార్కెట్టు లోపలి దారి కూడా ఇలాగే లెక్క కట్టాలి. రెండు పక్కలా గట్ల ముందు ఆగి బేరమాడేవాళ్లకు చెరో 600 మి.మీ., మధ్యలో సంచులతో ఎదురుపడే ఇద్దరికి 1200. అంటే 2.4 మీటర్లు. 1.5 మీటర్లు గీస్తే పండగ ముందు రోజు ఎవరూ కదలలేరు. దానికి తోడు ప్రతి అమ్మకందారూ గట్టు దాటి ఓ గంప ముందుకు పెడతారు. అది జరిగి తీరుతుంది, ఆ 300 కూడా కలుపుకోండి.

అపోహ: ర్యాంపు చివర్లో అతికించవచ్చు

వరద నీరు వస్తుందని, రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరుగుతుందని మున్సిపల్ షాపులకు 900 మి.మీ. ప్లింతు (నేల నుంచి గచ్చు ఎత్తు) పెడతారు. ఆ భయం న్యాయమైనదే. కానీ 1:12 వాలుతో (12 మీటర్లు వెళ్తే 1 మీటరు ఎత్తు) 900 ఎక్కాలంటే 10.8 మీటర్ల ర్యాంపు కావాలి. 9 మీటర్లకు మించి ఏకబిగిన వెళ్లకూడదు కాబట్టి మధ్యలో ఒక ల్యాండింగ్ (ఆగడానికి సమతలంగా ఉండే చోటు), పైనా కిందా ఒక్కోటి, మూడూ 1.5 మీటర్ల చొప్పున. మొత్తం 15 మీటర్ల పైమాటే. షీటు మీద మెట్ల పక్కన 3 మీటర్ల ర్యాంపు గీసినవాళ్లు గీసింది జారుడుబండ. వీల్‌చైరులో ఉన్న మనిషి దాని మీద వెనక్కి పడిపోతాడు.

దీనికి మంచి పరిష్కారం ర్యాంపును విడిగా కాకుండా నేలలోనే కలపడం. ప్లింతు 450కి తగ్గించి, ముందు జాగానంతా 1:30 వాలులో లేపితే 13.5 మీటర్లలో మెట్టు లేకుండా షాపు గుమ్మానికి చేరతాం. నీరు దానంతటదే రోడ్డు పక్క కాలువకు పోతుంది. వీల్‌చైరు, పిల్లల బండి, సరుకు ట్రాలీ, కర్ర పట్టుకున్న ముసలామె, అందరిదీ ఒకే దారి. ఇది చివర్లో సాధ్యం కాదు. లెవెల్స్ (నేల ఎత్తుపల్లాల కొలతలు) మొదటి రోజే తీసుకోవాలి.

అపోహ: గూగుల్ ఫారం పంపితే ప్రజల అభిప్రాయం తీసుకున్నట్టే

ఫారం నింపేది మీ క్లాస్‌మేట్లు, వాళ్ల కజిన్లు. కూరలమ్మే ఆమె కాదు. సైటులో ఒక సంత రోజు, ఒక మామూలు రోజు, ఉదయం 6 నుంచి రాత్రి 9 వరకు గంటకోసారి 10 నిమిషాలు ప్లాను చేతిలో పట్టుకుని నడవండి. నిలబడినవాళ్లకో గుర్తు, కూర్చున్నవాళ్లకో గుర్తు, అమ్మేవాళ్లకో గుర్తు. ఎక్కడ గుర్తులు కుప్ప పడ్డాయో అక్కడ నీడ ఉంటుంది, లేదా గోడ ఆసరా ఉంటుంది. "మీకేం కావాలి" అని అడిగితే "మీరేం కట్టినా మంచిదే నాయనా" అంటారు. అడగాల్సింది "మధ్యాహ్నం అన్నం ఎక్కడ తింటారమ్మా, మిగిలిన సరుకు రాత్రి ఎక్కడ పెడతారు" అని. స్టాలు కొలత తేల్చుకోవాలంటే డ్రాయింగ్ చూపించకండి. నేల మీద ముగ్గు పోసి అసలు సైజులో గీయండి, ఆమెను తన గంపలతో కూర్చోమనండి. అయిదు నిమిషాల్లో మీరు గీసిన స్టాలు చాలదని ఆమే చూపిస్తుంది.

తొందరగా మరికొన్ని

పై అంతస్తులో కూడా షాపులు పెడితే ఆదాయం రెట్టింపు అంటారు. కూరగాయలు కొన్న మనిషి సంచులతో మెట్లెక్కడు. పైన టైలరింగ్, ట్యూషన్, బ్యాంకు, డాక్టరు గదులు, అంటే పని ముందే అనుకుని వచ్చేవి పెట్టండి. మెట్లు రోడ్డుకు కనిపించాలి.

విట్రిఫైడ్ టైల్స్ శుభ్రం అంటారు. తడి ఆకులు పడితే వాటిపై కాలు జారుతుంది. గరుకు తాండూరు లేదా షాబాదు బండ వేసి, 1:100 వాలు ఇచ్చి, కాలువ మీద చేత్తో ఎత్తగలిగే జాలీ పెట్టండి. ఎత్తలేని జాలీ కింద కాలువ పూడిపోతుంది.

జాలీ గోడలు, కమాన్లు పెడితే స్థానికత వచ్చినట్టే అన్నది మరో మాట. హైదరాబాదులో 1935 నాటి మొజంజాహీ మార్కెట్టుకు వెళ్తే కమాన్ల ఫొటోలతో ఆగకండి. వసారా లోతు, గుమ్మం ఎత్తు, మూల మీది గడియార స్తంభం ఎంత దూరం నుంచి కనిపిస్తుందో కొలిచి రండి.

"జ్యూరీకి (మార్కులేసే పరీక్షకులకు) వింత ఆకారం ఉంటేనే మార్కులు, లేకపోతే రీసబ్మిషన్" అని సీనియర్లు పుట్టించిన పుకారు ఏటా ఎంతోమందికి నిద్ర లేకుండా చేస్తోంది. రివ్యూకు వారం ముందు భవనం ఆకారం మార్చి, సెక్షన్లు (నిలువు కోత బొమ్మలు) లేకుండా వచ్చి, నిలబడి ఏడ్చే పిల్లలున్నారు. సాదా దీర్ఘచతురస్రమైనా సరే, 1:50 సెక్షన్‌లో అరుగు, చూరు, సాయంత్రం 4 గంటల ఎండ గీత, కూర్చున్న మనిషి ఉంటే దాని మీద మాట్లాడటానికి గంట సరిపోదు. రెండర్ (కంప్యూటరు రంగుల బొమ్మ) తర్వాత చేసుకోవచ్చు.

చివరగా మరుగుదొడ్డి. దాన్ని ఎప్పుడూ వెనక చీకటి మూలకు తోస్తారు, వాసన అని. ఆ మూలకు ఆడవాళ్లు వెళ్లరు. వెళ్లలేక, పొద్దున నుంచి మంచినీళ్లు తాగకుండా కూర్చునే అమ్మకందారులు ప్రతి మార్కెట్టులో ఉన్నారు. దాన్ని టీ కొట్టుకో వాచ్‌మన్ గదికో కనిపించే చోట పెట్టండి, ఆడవాళ్ల తలుపు వేరే వైపు నుంచి ఇవ్వండి, పైన వెలుతురు పడే కిటికీ, పక్కన శుభ్రం చేసేవాళ్లకు ఒక గది, ట్యాంకు నుంచి నేరుగా పైపు. వీల్‌చైరు తిరగడానికి 1500 మి.మీ. వ్యాసమున్న ఖాళీ, తలుపు 900 వెడల్పు, బయటికి తెరుచుకునేది. ఈ గదిని ప్లానులో ముందుగా పెట్టి, ఆ తర్వాతే షాపులు లెక్కపెట్టండి.