సక్కర్ ఫిష్ కొనే ముందు

చిరంజీవులు చిన్నూకి, పండుకి తాతయ్య ఆశీస్సులు.

అక్వేరియం అద్దాలకు పాచి పడుతోందనీ, సక్కర్ ఫిష్ వేస్తే అదే శుభ్రం చేస్తుందని షాపులో చెప్పారనీ రాశారు. కొనకముందే అడిగినందుకు చాలా సంతోషం.

అది పాచి తినే మాట నిజమే. కానీ మిగతా చేపల మలం ముట్టదు. పైగా తన మలమే పొడవాటి దారాల్లా అడుగంతా పేరుకుంటుంది. షాపులో వేలెడంత ఉన్నది కొన్నేళ్లకు 40 సెంటీమీటర్లు దాటుతుంది, పదేళ్లకు పైగా బతుకుతుంది. మీ రెండడుగుల ట్యాంకులో దానికి వెనక్కి తిరిగే చోటు కూడా ఉండదు. ఆరడుగుల ట్యాంకు, సుమారు 500 లీటర్ల నీళ్లు, గట్టి ఫిల్టరు ఉండాలి. వారం వారం కొంత నీళ్లు మార్చే ఓపికా ఉండాలి.

అవన్నీ ఉంటే మాత్రం ఎంతసేపైనా చూస్తూ కూర్చోవచ్చు. దక్షిణ అమెరికా నదుల్లో పుట్టిన జాతి ఇది. ఒంటిమీద మామూలు పొలుసులు ఉండవు, కవచంలా ఎముక పలకలుంటాయి. నోరు అద్దానికి అంటించినప్పుడు ఇవతలి నుంచి చూడండి, గుండ్రటి పెదవుల మధ్య సన్నటి పళ్ల వరసలు గీకుతూ కనిపిస్తాయి. వెలుతురు ఎక్కువైతే కంటిపాప మీదికి పైనుంచి చిన్న మడత దిగుతుంది, చీకటి పడితే పైకి పోతుంది. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే పైకొచ్చి గాలి మింగుతుంది. ఆ గాలిలోని ఆక్సిజన్‌ని దాని పొట్టే పీల్చుకుంటుంది!

రాత్రిపూట తిరిగే చేప కాబట్టి లైటు ఆర్పాకే కీరా ముక్కో, ఉడికించిన బీరకాయో వేయాలి. పగలు దాక్కోడానికి చెక్కమొద్దు పెట్టాలి. వలతో పట్టకూడదు, రెక్కల ముళ్లు చిక్కుకుంటాయి, పాపం.

పెద్దదైపోయిందని చెరువులోనో కాలవలోనో వదిలే ఆలోచన అసలే వద్దు. మన రైతులు దెయ్యం చేప అని తిట్టుకునేది దీన్నే. గట్లకు బొరియలు చేసి గుడ్లు పెడుతుంది, వలలు చింపుతుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తూర్పు కనుమల్లో, జీవులు నీళ్లలో వదిలిన డీఎన్ఏ పరీక్షిస్తే చాలాచోట్ల దీని జాడ దొరికింది. తెచ్చి వదిలింది మనుషులైతే దెయ్యం అన్న పేరు మాత్రం చేపకు పడింది.

ఇక మీ పాచి సంగతి. రోజుకు ఏడెనిమిది గంటలకు మించి లైటు వేయకండి, కిటికీ ఎండ పడుతుంటే కర్టెన్ దించండి. మిగిలిన పాచికి, అద్దానికి లోపలా బయటా అంటుకుని రుద్దే మాగ్నెట్ స్క్రబ్బరు చాలు.

మీ తాతయ్య