కాకి ముట్టిందని మా అమ్మ చెప్పేది

అమ్మలూ, చిన్నా,

మొన్న మీ ఇంటికొచ్చినప్పుడు టీవీలో శానిటరీ ప్యాడ్ల యాడ్ రాగానే మీ నాన్న గబుక్కున ఛానెల్ మార్చాడు, మీరిద్దరూ తలలు దించుకున్నారు. ఒక్క మాట కూడా లేకుండా మీకో పాఠం అందిపోయింది. అది తప్పు పాఠం, అందుకే ఈ ఉత్తరం.

నా చిన్నప్పుడు మా అమ్మ నెలకు మూడు రోజులు పెరటి వసారాలో చాప మీద పడుకునేది, దగ్గరికెళ్తే "కాకి ముట్టింది, తాకకు" అనేది. నేను నిజంగానే ఆ కాకి కోసం చెట్లన్నీ వెతికి రాళ్లు విసిరేదాన్ని. పదమూడేళ్లప్పుడు నాకూ రక్తం కనిపిస్తే చచ్చిపోతాననుకుని సాయంత్రం దాకా ఎవరికీ చెప్పలేదు. తర్వాత మూల కూర్చోబెట్టి, చిమ్మిలి తినిపించి, పేరంటం పిలిచి ఊరంతటికీ చెప్పారు గానీ అదేమిటో నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు. బిడ్డ కోసం గర్భసంచిలో నెలనెలా తయారయ్యే పొర, గర్భం రానప్పుడు రక్తంతో పాటు బయటికొచ్చేస్తుంది. అంతే, ఇందులో మైల లేదు. చిన్నా, ఇది నువ్వూ తెలుసుకోవాలి.

ఇంకొకటి. మేం నలుగురం ఆడపిల్లలం. పురుడు వచ్చినప్పుడల్లా మా నానమ్మ అమ్మను తిట్టేది, నాన్న వింటూ ఊరుకునేవాడు. పుట్టేది ఆడో మగో తేల్చే ఎక్స్ లేదా వై క్రోమోజోమ్ తండ్రి నుంచే వస్తుంది, తల్లి ఇచ్చేది ఎప్పుడూ ఎక్సే. ఆ ఇంట్లో ఆ మాట తెలిసినవాళ్లు లేరు, తెలిసినా నాన్న ముందు అనగలిగేవాళ్లూ లేరు. ఆడదంటే పడి ఉండాలని నేను నేర్చుకున్నది అక్కడే, ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు.

పెద్దవాళ్ల మాట వినమని మీకూ చెప్తూనే ఉంటాం. చదువు విషయంలో, రోడ్డు మీద, తిండి దగ్గర వినండి. కానీ ఎవరైనా మీకు ఇష్టం లేకుండా ముద్దు పెట్టుకున్నా, తాకకూడని చోట తాకినా, "అమ్మకు చెప్పకు" అన్నా, వాళ్లు మావయ్య అయినా మాస్టారు అయినా సరే, వినక్కర్లేదు. 2007లో కేంద్ర ప్రభుత్వం బయటపెట్టిన అధ్యయనంలో సగానికి పైగా పిల్లలు ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు జరిగిందని చెప్పారు, అలా చేసినవాళ్లలో సగం మంది తెలిసినవాళ్లే. మన ఆంధ్రప్రదేశ్ పిల్లలనూ అడిగారందులో. మగపిల్లలూ ఉన్నారు చిన్నా, సిగ్గుపడి దాచుకోవద్దు. పిల్లలను లైంగిక వేధింపుల నుంచి కాపాడటానికి 2012లో వచ్చిన పోక్సో చట్టం పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలందరికీ, ఆడైనా మగైనా, వర్తిస్తుంది. ఇంట్లో చెప్పలేకపోతే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

నిన్న మీ నాన్నతో ఫోన్లో ఇదంతా మాట్లాడాను. చాలాసేపు ఊరుకుని, "నాకెవరూ చెప్పలేదు కదమ్మా" అన్నాడు. నిజమే, చెప్పాల్సింది నేనే, చెప్పలేదు. వచ్చే ఆదివారం వస్తున్నాను. అడగాలనుకున్నవన్నీ అడగండి, నాన్న కూడా మనతోనే కూర్చుంటానన్నాడు.

మీ నానమ్మ