లాటినో టీనేజర్లు, పొగ అలవాటు, వలస తరాలు: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

లాస్ ఏంజెలెస్ కౌంటీలో పాఠశాల విద్యార్థుల చేత పొగ మాన్పించే కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. నా దగ్గరకు వచ్చే పిల్లల్లో ఎక్కువమంది లాటినో, అంటే లాటిన్ అమెరికా మూలాలున్న, కుటుంబాలవారే. వారిలో కొందరు మెక్సికోలోనో ఎల్ సాల్వడార్‌లోనో పుట్టి ఇక్కడికి వచ్చినవారు, కొందరు వలస వచ్చిన తల్లిదండ్రులకు ఇక్కడ పుట్టినవారు, ఇంకొందరు తల్లిదండ్రులు కూడా ఇక్కడే పుట్టినవారు. పరిశోధకులు వీరిని వరుసగా మొదటి, రెండవ, మూడవ తరాలంటారు. ఈ తరాల గురించి ఉపాధ్యాయుల నుంచీ, తోటి కౌన్సెలర్ల నుంచీ, అప్పుడప్పుడు తెలుగు మిత్రుల నుంచీ నేను వినే మాటల్లో చాలా వరకు తలకిందులుగా ఉంటాయి.

అపోహ: రాని భాష, చాలీచాలని డబ్బు, కొత్త ఊరి ఒత్తిడి కలిసి, కొత్తగా వలస వచ్చిన పిల్లలనే ముందుగా సిగరెట్ వైపు నెడతాయి.

వాస్తవం: దాదాపు అన్ని పెద్ద అధ్యయనాలూ దీనికి విరుద్ధమైన మాటే చెబుతున్నాయి. వేరే దేశంలో పుట్టి వచ్చిన లాటినో పిల్లల్లో పొగ అలవాటు తక్కువ, అమెరికాలో పుట్టినవారిలో ఎక్కువ. 1994-95లో 7 నుంచి 12 తరగతుల విద్యార్థులతో మొదలై, వారిని పెద్దయ్యేదాకా వెంబడించిన ‘యాడ్ హెల్త్’ అనే జాతీయ అధ్యయనంలోనూ వలస పిల్లల కంటే ఇక్కడ పుట్టిన తరాలలో ఆరోగ్యానికి చేటు చేసే అలవాట్లు ఎక్కువగా కనిపించాయి. ఆదాయమూ తల్లిదండ్రుల చదువూ తక్కువగా ఉన్న ఇళ్లలో ఆరోగ్యపు అలవాట్లు మెరుగ్గా ఉండడం వింతగా తోచి, దీనికి ‘వలస వైరుధ్యం’ అని పేరు పెట్టారు. అయితే మొదటి తరమంతా ఒక్క తీరున ఉండదు. బడి ఈడుకు ముందే వచ్చిన పిల్లవాడు అలవాట్లలో రెండవ తరానికి దగ్గరగా ఉంటాడు. పద్నాలుగేళ్లకు వచ్చినవాడి సంగతి వేరు. సామాజిక శాస్త్రవేత్త రూబెన్ రుంబాట్ ప్రచారంలోకి తెచ్చిన ‘ఒకటిన్నర తరం’ అన్న మాట, చిన్నతనంలోనే వచ్చి మొదటి, రెండవ తరాల మధ్య నిలిచే ఇలాంటి పిల్లలను ఉద్దేశించినదే.

మూడవ తరం అంకెలను మాత్రం నేను కాస్త అనుమానంతోనే చదువుతాను. లాటినో మూలాలున్న పెద్దవారిలో 11 శాతం మంది తమను లాటినోలుగా చెప్పుకోరని ప్యూ పరిశోధన కేంద్రం 2017లో వెల్లడించింది, తరాలు గడిచేకొద్దీ ఆ వాటా పెరుగుతుంది. కనుక సర్వే పత్రంలో ‘లాటినో’ గడిలో టిక్కు పెట్టిన మూడవ తరం పిల్లలను చూసి ఆ తరమంతటి గురించీ తీర్పు చెప్పలేము.

అపోహ: లాటినోలంతా ఒకటే, ఒకరి అంకె అందరికీ వర్తిస్తుంది.

వాస్తవం: 2008-2011 మధ్య బ్రాంక్స్, షికాగో, మయామి, శాన్ డియేగోలలో 16 వేలకు పైగా పెద్దవారిని పరీక్షించిన హిస్పానిక్ (లాటినో) ఆరోగ్య అధ్యయనంలో పోర్టొ రికో మూలాలున్న పురుషుల్లో సుమారు 35 శాతం, మహిళల్లో సుమారు 33 శాతం పొగ తాగేవారున్నారు. డొమినికన్ మూలాలవారిలో స్త్రీ పురుషులిద్దరిలోనూ ఆ వాటా 12 శాతం లోపే. పైగా పోర్టొ రికో వాసులు 1917 నుంచి అమెరికా పౌరులే కనుక వారికి ‘వలస తరం’ అనే కొలబద్దే సరిగా అతకదు. ఆ ఇంట్లో అమ్మమ్మ కూడా సిగరెట్ తాగుతూ ఉండవచ్చు, మెక్సికో నుంచి వచ్చిన ఇంట్లో అది అరుదు. మెక్సికోలో 2016 జాతీయ సర్వే ప్రకారం పురుషుల్లో 27 శాతం మంది తాగుతుంటే, మహిళల్లో 9 శాతం లోపే. ఆడపిల్ల తాగకూడదన్న ఆ కట్టుబాటు ఇక్కడ పుట్టిన ఆడపిల్లల దగ్గరకు వచ్చేసరికి సడలుతుంది. తరం మార్పు ప్రభావం అబ్బాయిల కంటే అమ్మాయిల్లో స్పష్టంగా కనిపించడానికి ఇదొక కారణం. చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మలను శ్రీకాకుళం తీరంలో చూస్తూ పెరిగిన నాకు, సంప్రదాయం ఉంటే చాలు ఆడవారికి పొగ సోకదన్న వాదన మొదటి నుంచీ మింగుడుపడలేదు. ఏ సంప్రదాయం, ఎవరికి ఏమి అనుమతిస్తుందన్నదే అసలు విషయం.

అపోహ: అమ్మానాన్నలు తాగకపోతే పిల్లలకు భయం లేదు.

వాస్తవం: తల్లిదండ్రుల అలవాటు ముఖ్యమే, కానీ మొదటి సిగరెట్ తరచుగా అన్న చేతి నుంచో, వారాంతపు విందుకు వచ్చిన పెద్ద కజిన్ చేతి నుంచో అందుతుంది. లాటినో ఇళ్లలో ‘ఫమిలిస్మో’ అని పిలిచే కుటుంబ బంధం చాలా గట్టిది. అదే బంధం ఒక ఇంట్లో పిల్లవాడిని కాపాడుతుంది, మరో ఇంట్లో తాగే కజిన్ల గుంపులో కూర్చోబెడుతుంది.

అపోహ: ఇప్పుడు పిల్లలు సిగరెట్లు తాగడం లేదు, వేప్‌లో (ఈ-సిగరెట్‌లో) ఉన్నది ఆవిరే.

వాస్తవం: 2024 జాతీయ సర్వేలో అమెరికా మిడిల్, హై స్కూల్ విద్యార్థుల్లో సిగరెట్ తాగేవారు 1.4 శాతమే, వేప్ వాడేవారు 5.9 శాతం. పిల్లలు వాడే వేప్‌లలో దాదాపు అన్నింటిలోనూ నికోటిన్ ఉంటుంది. 21 ఏళ్లలోపు వారికి వీటిని అమ్మరాదన్న సమాఖ్య చట్టం 2019 డిసెంబరు నుంచే అమల్లో ఉంది.

అపోహ: ఇంగ్లీషు వచ్చేకొద్దీ, అమెరికా పద్ధతులు అబ్బేకొద్దీ పిల్లలు చెడిపోతారు, కనుక పాత సంస్కృతిలోనే ఉంచితే సరిపోతుంది.

వాస్తవం: పిల్లలు ఇంగ్లీషు నేర్చుకోవడం వల్ల ఎవరికీ నికోటిన్ వ్యసనం రాదు. ఇబ్బంది ఎక్కడ మొదలవుతుందంటే, పిల్లలు నేర్చుకున్న వేగానికీ తల్లిదండ్రులు నేర్చుకున్న వేగానికీ మధ్య ఎడం పెరిగినచోట. సామాజిక శాస్త్రవేత్తలు అలెహాండ్రో పోర్టెస్, రుంబాట్ దీనిని పొంతన లేని సాంస్కృతిక సర్దుబాటుగా వివరించారు. ఆ ఎడం పెరిగిన ఇంట్లో తల్లికి పిల్లవాడి స్నేహితులెవరో తెలియదు, పిల్లవాడికి తల్లి మాటలోని బరువు తెలియదు. ఎక్కడ ఉన్నావు, ఎవరితో ఉన్నావు అని అడిగి తెలుసుకునే ఆ రోజువారీ కనిపెట్టుకోవడం పలచబడినచోట, తాగే స్నేహితుల ప్రభావం నేరుగా లోపలికి వస్తుంది. రెండు ఉద్యోగాలు చేసి రాత్రి పదింటికి ఇల్లు చేరే తల్లి ప్రేమకు లోటు లేకపోయినా, ఆమెకు ఆ ప్రశ్నలు అడిగే సమయం దొరకదు. పిల్లల సంస్కృతిని పాడు చేసిందంటూ అమెరికాను తిట్టడం కంటే, ఈ పని వేళలను చూడడం నాకు ఎక్కువ ఉపయోగపడింది.

కొన్నేళ్ల క్రితం నేనే ఇక్కడ ఒక తప్పు చేశాను. సంచిలో వేప్ దొరికిన ఒక పదిహేనేళ్ల అబ్బాయిని, అతని తల్లిని కూర్చోబెట్టి మాట్లాడాను. ఆమెకు స్పానిష్ తప్ప మరో భాష రాదు, నా స్పానిష్ అప్పటికి పలకరింపులు దాటలేదు. అబ్బాయే మా ఇద్దరి మధ్యా మాటలు మార్చి చెప్పాడు. ఆమె నవ్వుతూ, కృతజ్ఞతలు చెబుతూ వెళ్లిపోయింది. ఆ వస్తువు క్లాసు పాఠాలు దాచుకునే యూఎస్‌బీ డ్రైవ్ అనీ, దానిని బడికి తేవడం మరచిపోకూడదని నేను చెప్పాననీ అతడు వివరించినట్టు నెల తర్వాత తెలిసింది. ఇంట్లో కరెంటు బిల్లు, ఆసుపత్రి కాగితం, బడి ఉత్తరం అన్నీ చదివి చెప్పే పిల్లవాడికి ఇంటి అధికారం సగం ఎప్పుడో చేతికొచ్చేసింది. దానిని నేను నా గదిలో మరోసారి ఖాయం చేశాను.

మన తెలుగు కుటుంబాలకు ఈ నమూనాను యథాతథంగా అతికించవద్దని మాత్రం మిత్రులకు చెబుతుంటాను. ఉద్యోగ వీసాపై వచ్చిన తెలుగు తల్లిదండ్రులకు ఇంగ్లీషు ముందే వచ్చు, బడి ఈమెయిల్‌ను వారే చదువుకుంటారు. మన ఇళ్లలోని దూరాలు వేరు.

ఇప్పుడు మొదటి సమావేశానికి దుబాసీని నేనే ముందుగా ఏర్పాటు చేస్తాను. పిల్లవాడు బయట కూర్చుంటాడు. మొదట తల్లినే అడుగుతాను: ఇంట్లో ఎవరు తాగుతారు, ఎవరు ఏ వేళకు ఇల్లు చేరతారు, శనివారాలు కజిన్లు ఎక్కడ కలుస్తారు అని. ఆ తర్వాత వేప్‌ను ఆమె చేతిలోనే పెట్టి, అది ఏమిటో చెబుతాను. చాలామంది దానిని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది మా ఇంట్లో బల్ల మీద ఎన్నిసార్లో చూశాను అంటారు.