సైనిక సేవ గొప్పలు: అపోహలు - వాస్తవాలు

ఫ్యాక్ట్‌చెక్ డెస్కులో పని కాబట్టి అమెరికా ఎన్నికలొస్తే ఫార్వర్డులన్నీ నా నెత్తినే పడతాయి. 2024లో రిపబ్లికన్ల ఉపాధ్యక్ష అభ్యర్థి జేడీ వాన్స్ భార్య ఉష పూర్వీకులది మన వడ్లూరు కాబట్టి ఆయన మన అల్లుడని గోదావరి జిల్లాల్లో హడావిడి అయ్యాక, ఆయన ప్రత్యర్థి, డెమోక్రాట్ల ఉపాధ్యక్ష అభ్యర్థి టిమ్ వాల్జ్ సైనిక సేవ మీద ఆయన చేసిన ఆరోపణలు మా బంధువుల గ్రూపు దాకా వచ్చాయి.

అపోహ: ఇరాక్ వెళ్లమంటే వాల్జ్ పారిపోయాడు.

వాస్తవం: వాల్జ్ నేషనల్ గార్డ్‌లో (అమెరికా సైన్యానికి తోడుగా ఉండే రిజర్వు దళం) 24 ఏళ్లు చేసి 2005 మేలో రిటైరయ్యారు. ఇరాక్‌కు సిద్ధం కమ్మని ఆయన దళానికి ఉత్తర్వు వచ్చింది జులైలో. వెళ్లాల్సి రావచ్చన్న కబురు మాత్రం మార్చిలోనే ఉంది, అదీ చెప్పాలి. ఆయన నిజంగా దొరికిపోయింది ఇంకోచోట: 2018లో తుపాకుల గురించి మాట్లాడుతూ, యుద్ధంలో తాను మోసిన ఆయుధాలు అనేశారు. ఆయన్ని పంపింది ఇటలీకి, పోరాటం చూడలేదు. పైగా కమాండ్ సార్జెంట్ మేజర్‌గా పనిచేసినా, కోర్సు పూర్తి చేయకపోవడంతో రిటైరైంది అంతకంటే కింది ర్యాంకైన మాస్టర్ సార్జెంట్‌గానే. విమర్శకులు ఈ రెండింటి దగ్గర ఆగి ఉంటే ఆయన నీళ్లు నమలాల్సి వచ్చేది, కానీ పిరికివాడు, దొంగ అనేదాకా లాగేసరికి 24 ఏళ్ల సేవను అవమానిస్తారా అని ఎదురుతిరిగే వీలు ఆయనకే దొరికింది.

అపోహ: ఇలాంటి అబద్ధానికి జైలే.

వాస్తవం: కాదు. ఉత్తుత్తి పతకాలు చెప్పుకోవడమే నేరమన్న చట్టాన్ని 2012లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. 2013లో తెచ్చిన కొత్త చట్టం డబ్బో, ఆస్తో, అలాంటి లాభమో పొందడానికి మోసం చేస్తేనే వర్తిస్తుంది.

అపోహ: రికార్డు దొరకలేదంటే అబద్ధమే.

వాస్తవం: సర్వీసు తేదీలు, ర్యాంకు, పతకాల వివరాలు సమాచార హక్కు కింద అడిగితే మామూలుగా ఇస్తారు. అయితే 1973లో సెయింట్ లూయిస్‌లోని సైనిక రికార్డుల కేంద్రం తగలబడి కోటిన్నరకు పైగా పాత ఫైళ్లు పోయాయి, కాబట్టి ముసలి సైనికుల విషయంలో తొందరపడకండి.

అపోహ: నిజం బయటపెడితే ఓడిపోతారు.

వాస్తవం: డెమోక్రాట్ నాయకుడు రిచర్డ్ బ్లూమెంథాల్ మెరైన్ రిజర్వులో (మెరైన్ దళానికి రిజర్వు విభాగం) ఉన్నది నిజం, వియత్నాం వెళ్లినట్టు మాట్లాడింది అబద్ధం. 2010లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టినా సెనేటర్ అయ్యారు. వియత్నాంలో పోరాడిన జాన్ కెర్రీ పతకాలు అసలైనవే, అయినా 2004లో అధ్యక్ష పదవికి పోటీ చేసినప్పుడు ఆయన మీద దుష్ప్రచారం బాగానే పనిచేసింది. ఫలితం మన చేతిలో లేదు. అందుకే మా డెస్కులో ముందు నాయకుడు అన్న మాట తేదీతో సహా, తర్వాత రికార్డు, ఆ తర్వాత ఆ నాయకుడు నిజంగా చేసిన సేవ రాస్తాం. విశేషణాలు ఎడిటర్ కొట్టేస్తాడు.