స్క్రిప్టులు ఆపేస్తే బ్రౌజింగ్ సేఫేనా? కొన్ని అపోహలు - వాస్తవాలు

పోయిన నెల దిల్‌సుఖ్‌నగర్‌లో మా బాబాయి ఇంటికి వెళ్లినప్పుడు ఆయన ల్యాప్‌టాప్ తెరిచి చూశాను. రెండేళ్ల కిందట నేనే అందులో నోస్క్రిప్ట్ అనే యాడ్-ఆన్ (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రామ్) పెట్టి, వెబ్ పేజీల్లో నడిచే స్క్రిప్టులను, అంటే చిన్న కోడ్ ముక్కలను, అది ఆపుతుందని, ఎలా వాడాలో అరగంట కూర్చుని చెప్పి వచ్చాను. ఇప్పుడు చూస్తే ఆంక్షలన్నీ ఒకేసారి ఎత్తేసే బటన్ నొక్కి ఉంది. "కరెంటు బిల్లు కడదామంటే ముందుకు కదల్లేదురా. ఏదో ఒకటి నొక్కితే కదిలింది. అప్పట్నుంచి అన్ని సైట్లూ బాగానే తెరుచుకుంటున్నాయి" అన్నారు. నువ్వు పెట్టిన రక్షణ ఉంది కదా అని ఆ ల్యాప్‌టాప్‌లో ఎక్కడపడితే అక్కడ క్లిక్ చేస్తున్నారు కూడా. నాకు ఒక్కసారిగా టెన్షన్ వచ్చింది.

నేను గచ్చిబౌలిలో వీఏపీటీ పని చేస్తాను. కంపెనీల వెబ్‌సైట్లలో లోపాలను దొంగల కంటే ముందే వెతికి, వాళ్లకు రిపోర్ట్ ఇవ్వడం మా పని. వారాంతాల్లో అమీర్‌పేటలో ఒక బ్యాచ్‌కి వెబ్ సెక్యూరిటీ పాఠాలు చెప్తాను. స్క్రిప్ట్ బ్లాకర్ల గురించి క్లాసులో పిల్లలు ఒక రకంగా నమ్ముతారు, ఆఫీసులో డెవలపర్లు దానికి పూర్తిగా ఎదురు నమ్ముతారు. నాకు ఎక్కువగా వినిపించే మాటలు తీసుకుని, నాకు తెలిసింది చెప్తాను.

అపోహ: ఈ యాడ్-ఆన్ల వల్ల సైట్లు చెడిపోవడం తప్ప ఒరిగేదేమీ లేదు.

వాస్తవం: ఒరిగేది చాలా ఉంది. ఒక వార్తల సైటు తెరిచామనుకోండి. ఆ సైటువాళ్ల కోడ్ ఒక్కటే మన బ్రౌజర్‌లో నడవదు. ప్రకటనల కంపెనీలది, చూసేవాళ్ల లెక్క తీసేవాళ్లది, వీడియో ప్లేయర్‌ది, షేర్ బటన్లది, ఇలా ఎక్కడెక్కడి కోడో వచ్చి నడుస్తుంది. పెళ్లికి మనం ఒక కుటుంబాన్ని పిలిస్తే వాళ్లు తమ బంధువులను, ఆ బంధువులు తమ స్నేహితులను వెంటబెట్టుకొచ్చినట్టు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మంచివాళ్లే. కానీ గదిలో నగల పెట్టె ఉందని మనకు తెలుసు కదా.

పేజీలో నడిచే స్క్రిప్ట్ మన హార్డ్ డిస్క్‌లోని ఫైళ్లను నేరుగా చదవలేదు. బ్రౌజర్ దాన్ని ఒక గిరి గీసి అందులోనే ఉంచుతుంది. అయితే ఆ పేజీలో మనం ఏం టైప్ చేసినా చూడగలదు, చూసింది బయటికి పంపగలదు, మనల్ని ఇంకో సైటుకు తోసేయగలదు. గిరి దాటాలంటే బ్రౌజర్‌లో ఏదో ఒక లోపం దొరకాలి. ఆ లోపాలను వాడుకునే దాడుల్లో చాలావాటికి ఈ స్క్రిప్టులు రాసే భాష జావాస్క్రిప్టే పనిముట్టు. అందుకే దాన్ని ఆపడం వల్ల నిజంగా ఫలితం ఉంటుంది.

2009 సెప్టెంబర్‌లో న్యూయార్క్ టైమ్స్ సైటులో జరిగింది చూడండి. పేరున్న ఒక ఫోన్ కంపెనీ తరఫున వచ్చామని చెప్పి ఎవరో ప్రకటన ఇచ్చారు. మొదట అది మామూలుగానే కనిపించింది. తర్వాత వారాంతంలో దాన్ని మార్చేసి, "మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది" అనే దొంగ యాంటీవైరస్ పేజీని పాఠకుల మీదికి తోశారు. 2018 ఫిబ్రవరిలో ఇంకొకటి. చూపు సరిగా లేనివాళ్లకు పేజీని చదివి వినిపించే బ్రౌజ్‌అలౌడ్ అనే స్క్రిప్టును ఎవరో మార్చేశారు. దాన్ని వాడుతున్న 4,000కు పైగా సైట్లు, అందులో బ్రిటన్ ప్రభుత్వ సైట్లు కూడా, కొన్ని గంటల పాటు చూసేవాళ్ల కంప్యూటర్లను వాళ్లకు తెలియకుండా వాడుకుని క్రిప్టో నాణేలు (డిజిటల్ డబ్బు) తవ్వాయి. ఆ సైట్ల తప్పు ఒక్కటే, బయటివాళ్ల స్క్రిప్టును నమ్మడం. బయటి స్క్రిప్టులను ఆపుకున్నవాళ్లను ఈ రెండూ తాకలేదు.

అపోహ: అయితే స్క్రిప్ట్ బ్లాకర్ పెట్టుకుంటే చాలు, అది చూసుకుంటుంది.

వాస్తవం: నోస్క్రిప్ట్ లాంటిది తనంతట తాను మంచి చెడూ తేల్చదు. 2005లో ఇటలీకి చెందిన జార్జియో మావోనె దీన్ని ఫైర్‌ఫాక్స్ కోసం తెచ్చినప్పటి నుంచి పద్ధతి అదే. మొదట అన్నిటినీ ఆపుతుంది, ఏది వదలాలో మనల్ని అడుగుతుంది. అంటే తీర్పు మనదే. ఒక షాపింగ్ సైటు తెరిస్తే పన్నెండు పేర్లు కనిపిస్తాయి. అందులో ఏది లేకపోతే కార్ట్ పనిచేయదు, ఏది మన వెనకాల తిరిగే ట్రాకర్, పేరు చూసి చెప్పగలరా? ఈ పనిలో ఉన్న నాకే చాలాసార్లు తెలియదు. ఒక్కొక్కటీ వదులుతూ, పేజీని మళ్లీ తెరుస్తూ చూడాలి. నాలుగో ప్రయత్నానికి ఎవరికైనా ఓపిక పోయి అన్నిటికీ గేటు తెరిచేస్తారు. బాబాయి చేసింది అదే, అందులో ఆయన తప్పు లేదు. డెబ్బై ఏళ్ల మనిషికి అలాంటి పనిముట్టు ఇచ్చిన తప్పు నాది.

తెలిసినవాళ్లు కూడా ఇక్కడ ఎలా పడతారో చెప్పడానికి 2024 జూన్‌లో బయటపడిన పాలీఫిల్ డాట్ ఐఓ కథకు మించింది లేదు. పాత బ్రౌజర్లలో కొత్త ఫీచర్లు పనిచేయడానికి డెవలపర్లు ఏళ్ల తరబడి వాడిన స్క్రిప్ట్ అది. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఆ స్క్రిప్ట్ వచ్చే డొమైన్ (వెబ్ చిరునామా) చేతులు మారింది. కొత్త యజమానుల చేతిలో ఆ స్క్రిప్ట్ మొబైల్‌లో చూసేవాళ్లను బెట్టింగ్ సైట్లకు మళ్లించడం మొదలుపెట్టింది. లక్షకు పైగా సైట్లలో ఆ స్క్రిప్ట్ ఉంది. అది ఎంత తెలివిగా దాక్కుందంటే, సైటు నడిపే అడ్మిన్ లాగిన్ అయి ఉంటే కదలదు. మళ్లించడానికి వాడిన చిరునామాలో గూగుల్ అనలిటిక్స్ పేరులోని ఎల్ అక్షరాన్ని ఐతో మార్చి పెట్టారు. వేగంగా చదివితే తేడా తెలియదు.

ఇప్పుడు ఆలోచించండి. నోస్క్రిప్ట్ పెట్టుకున్న డెవలపర్‌కి ఆ జాబితాలో పాలీఫిల్ అనే పేరు కనిపిస్తే ఏం చేస్తాడు? "ఓ, ఇది తెలిసిందే" అని వదిలేస్తాడు. అదీ డొమైన్ అమ్ముడుపోకముందే, ఎప్పుడో వదిలేసి ఉంటాడు. మనం ఒకసారి ఇచ్చిన అనుమతి పేరుకు ఇస్తాం, ఆ పేరు వెనక మనిషి మారితే యాడ్-ఆన్‌కు తెలిసే దారి లేదు.

అపోహ: పెద్ద కంపెనీ సొంత సైటుకు అనుమతి ఇస్తే భయం లేదు.

వాస్తవం: 2018లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ సైటులో కార్డు వివరాలు దొంగిలించిన స్క్రిప్ట్ బయటి సర్వర్ నుంచి రాలేదు. కంపెనీ సొంత సైటులోని ఒక ఫైల్ చివర 22 వరుసలు కలిపారు, అంతే. ఆగస్టు 21 నుంచి సెప్టెంబర్ 5 వరకు టికెట్ కొన్నవాళ్ల వివరాలు కంపెనీ పేరును పోలిన ఇంకో చిరునామాకు వెళ్లాయి. తర్వాత 2020లో బ్రిటన్ డేటా రక్షణ సంస్థ ఆ కంపెనీకి 2 కోట్ల పౌండ్ల జరిమానా వేసింది. టికెట్ కొనాలంటే ఆ సైటు స్క్రిప్టులకు అనుమతి ఇవ్వక తప్పదు. ఇలాంటి చోట వినియోగదారుడు చేయగలిగింది తక్కువ. కార్డు లిమిట్ తక్కువగా పెట్టుకోవడం, ఆన్‌లైన్ వాడకాన్ని అవసరమైనప్పుడే ఆన్ చేసుకోవడం, మెసేజ్ అలర్ట్‌లు చూసుకోవడం వరకే. మిగతా బాధ్యతంతా సైటు కట్టిన మాలాంటివాళ్లది. మా రిపోర్టుల్లో ఈ లోపం గురించి రాస్తే "తర్వాతి రిలీజ్‌లో చూద్దాం" అనే జవాబు వచ్చినప్పుడల్లా నాకు బాధ వేస్తుంది.

అపోహ: స్క్రిప్టులు ఆగితే వైరస్ రాదు, అప్‌డేట్ ఎప్పుడైనా చేసుకోవచ్చు.

వాస్తవం: 2023 సెప్టెంబర్‌లో వెబ్‌పీ అనే రకం బొమ్మలను తెరవడానికి బ్రౌజర్లు వాడే కోడ్‌లో లోపం బయటపడింది. దాడికి ప్రత్యేకంగా తయారుచేసిన ఒక బొమ్మ చాలు, స్క్రిప్ట్ అక్కర్లేదు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ వెంటనే అప్‌డేట్ ఇచ్చాయి. ఏ యాడ్-ఆన్ పెట్టినా పెట్టకపోయినా బ్రౌజర్ అప్‌డేట్ ముందు. అప్‌డేట్ దిగింది కదా అని ఊరుకోకండి, బ్రౌజర్‌ను ఒకసారి మూసి తెరిస్తే తప్ప అది అమల్లోకి రాదు. వారాల తరబడి ట్యాబ్‌లు మూయని స్నేహితులు నాకు చాలామంది ఉన్నారు.

అపోహ: నకిలీ పేజీలతో, మెయిళ్లతో మన వివరాలు లాగే ఫిషింగ్ కూడా ఆగిపోతుంది.

వాస్తవం: ఆగదు. రెండు ఖాళీ పెట్టెలు, ఒక బటన్ ఉన్న నకిలీ బ్యాంకు పేజీకి జావాస్క్రిప్ట్ ఒక్క వరుస కూడా అవసరం లేదు. మన ఊళ్లో జనం డబ్బు పోగొట్టుకుంటున్న దారులు చూడండి. ట్రాఫిక్ చలాన్ పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే (యాప్) ఫైల్, డబ్బు వస్తుందని చెప్పి యూపీఐ పిన్ కొట్టించడం, డిజిటల్ అరెస్ట్ అని వీడియో కాల్‌లో గంటల తరబడి కూర్చోబెట్టడం. వీటిలో ఏదీ బ్రౌజర్ స్క్రిప్ట్ పని కాదు. డబ్బు పంపుతామని చెప్పి పిన్ కొట్టమన్నారంటే మన ఖాతా నుంచి డబ్బు పోతుందనే అర్థం, డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అవసరం లేదు. ఈ ఒక్క మాట మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ నుంచి సెక్రటరీ దాకా అందరికీ చెప్తూనే ఉంటాను.

నకిలీ పేజీల విషయంలో స్క్రిప్ట్ బ్లాకర్ కంటే మన పాస్‌వర్డ్‌లను గుర్తుపెట్టుకుని నింపే పాస్‌వర్డ్ మేనేజర్ ఎక్కువ మేలు చేస్తుంది. అసలు చిరునామా కాకపోతే అది పాస్‌వర్డ్ నింపదు. మన కళ్లు మోసపోయినా అది మోసపోదు. రిజర్వ్ బ్యాంక్ 2025లో బ్యాంకులన్నిటినీ డాట్ బ్యాంక్ డాట్ ఇన్ చిరునామాలకు మారమంది, గడువు అక్టోబర్ 31. బ్యాంకు సైటు తెరిచినప్పుడు పేరు చివర అది ఉందో లేదో చూడటం అలవాటు చేసుకోండి. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

అపోహ: ఒకటి కంటే నాలుగు యాడ్-ఆన్లు ఉంటే నాలుగింతలు రక్షణ.

వాస్తవం: ఈ నమ్మకమే నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెడుతుంది. స్క్రిప్ట్ బ్లాకర్ పని చేయాలంటే మనం తెరిచే ప్రతి పేజీనీ చదివి మార్చే అధికారం దానికి ఇవ్వాలి. ఏ బయటి స్క్రిప్టుకూ లేనంత అధికారం అది. ప్రకటనలను ఆపే నానో యాడ్‌బ్లాకర్‌ను రాసిన వ్యక్తి 2020లో దాన్ని వేరేవాళ్లకు అప్పగించాడు. కొత్తవాళ్లు అందులో దొంగ కోడ్ కలిపారు. ట్యాబ్‌లను నిద్రపుచ్చే ది గ్రేట్ సస్పెండర్ అనే యాడ్-ఆన్ కూడా చేతులు మారాకే చెడింది, 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని తీసేసింది. 2024 డిసెంబర్‌లో సైబర్‌హేవెన్ అనే సెక్యూరిటీ కంపెనీ ఉద్యోగికి ఫిషింగ్ మెయిల్ వచ్చింది, దాంతో ఆ కంపెనీ సొంత యాడ్-ఆన్‌కే చెడ్డ అప్‌డేట్ వెళ్లిపోయింది. మీ బ్రౌజర్‌లో యాడ్-ఆన్ల పేజీ తెరిచి, ఎందుకు పెట్టారో గుర్తులేని ప్రతిదాన్నీ ఈరోజే తీసేయండి.

అపోహ: ఇన్‌కాగ్నిటో ఉంటే ఇవేవీ అక్కర్లేదు.

వాస్తవం: ఇన్‌కాగ్నిటో మన హిస్టరీని మన కంప్యూటర్‌లో మిగల్చదు, అంతవరకే. స్క్రిప్టులు అందులోనూ మామూలుగానే నడుస్తాయి.

మరి ఎవరికి ఏది? నా కంప్యూటర్‌లో ఫైర్‌ఫాక్స్, అందులో యూబ్లాక్ ఆరిజిన్ అనే బ్లాకర్ యాడ్-ఆన్. అడ్వాన్స్‌డ్ సెట్టింగ్‌లో బయటి సైట్ల స్క్రిప్టులు, ఫ్రేములు (పేజీ లోపల తెరుచుకునే వేరే పేజీలు) అన్నిటినీ ఆపి, కావలసినవి వదులుతాను. సైటు సొంత స్క్రిప్టులు నడుస్తాయి కాబట్టి నోస్క్రిప్ట్ అంత విసిగించదు. ఈ రంగంలోకి వచ్చే పిల్లలను మాత్రం నోస్క్రిప్ట్‌తో కనీసం ఒక నెల గడపమంటాను. ఒక పేజీ వెనక ఎంతమంది ఉంటారో అంత బాగా నేర్పే పాఠం నా దగ్గర లేదు.

ఇంట్లోవాళ్లకు యూబ్లాక్ ఆరిజిన్‌ను ముట్టుకోకుండా ఉన్నదున్నట్టు పెడితే చాలు. ప్రకటనలు, ట్రాకర్లు, తెలిసిన చెడ్డ సైట్ల జాబితాలు దాని దగ్గర ఉంటాయి. ఎవరినీ ఏదీ అడగదు. జాబితాలో లేని కొత్త దాడిని పట్టుకోలేదు, నిజమే. అయినా బటన్ నొక్కి ఆపేసిన గట్టి బ్లాకర్ కంటే అడ్డురాకుండా రోజూ పనిచేసే మామూలు బ్లాకర్ మేలు. వెతుకులాట ఫలితాల్లో కంపెనీల పేరుతో నకిలీ ప్రకటనలు వస్తున్నాయని, యాడ్ బ్లాకర్ వాడమని అమెరికా ఎఫ్‌బీఐ 2022 డిసెంబర్‌లో జనానికి చెప్పింది. కస్టమర్ కేర్ నంబర్ కోసం వెతికి మోసపోయినవాళ్లు మనలో ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. 2025లో క్రోమ్ పాత పద్ధతి యాడ్-ఆన్లను ఆపేసింది కాబట్టి అందులో యూబ్లాక్ ఆరిజిన్ లైట్ మాత్రమే దొరుకుతుంది. కొంత తగ్గుతుంది కానీ ఏమీ లేకపోవడం కంటే చాలా నయం.

డబ్బు కట్టడానికి బ్రౌజర్‌లో వేరే ప్రొఫైల్ (విడి సెట్టింగులు, విడి యాడ్-ఆన్లతో తెరుచుకునే ఇంకో విండో) పెట్టుకోండి, అందులో ఏ యాడ్-ఆనూ వద్దు. ఓటీపీ పేజీ ఇంకో చిరునామా నుంచి వస్తుంది. బ్లాకర్ దాన్ని మధ్యలో ఆపితే డబ్బు కట్ అయిందో లేదో తెలియక మళ్లీ కట్టేవాళ్లను చూశాను.

బాబాయి ల్యాప్‌టాప్‌లో ఆ సాయంత్రమే నోస్క్రిప్ట్ తీసేశాను. బ్రౌజర్ అప్‌డేట్ చేసి, యూబ్లాక్ ఆరిజిన్ పెట్టి, బిల్లులకు వేరే ప్రొఫైల్ చేసి, దానికి డెస్క్‌టాప్ మీద "బిల్లులు" అని పేరు పెట్టాను. ఇక పిన్ని ఫోన్ మిగిలింది. ఆండ్రాయిడ్ ఫోన్లో క్రోమ్ యాడ్-ఆన్లను తీసుకోదు, ఫైర్‌ఫాక్స్ తీసుకుంటుంది. పిన్నికి క్రోమ్ అలవాటు, పైగా చూసే లింకుల్లో సగం ఫేస్‌బుక్ లోపలే తెరుచుకుంటాయి, అక్కడ ఏ యాడ్-ఆనూ పనిచేయదు. ఆ సంగతి ఈ ఆదివారం కూర్చుని చూడాలి.